కల్ట్ గేమ్

విమర్శకులు ఉతికి ఆరేసినా, కొద్దిమంది అభిమానులు మాత్రం ప్రాణంగా చూసుకునే వీడియో గేమ్ ఇది. 2010లో అమెరికాలో విడుదలైన జపాన్ గేమ్ ‘డెడ్లీ ప్రిమొనిషన్’నే తీసుకోండి. గేమింగ్ వెబ్‌సైట్లలో ఐజీఎన్ పదికి 2 మార్కులు విదిలిస్తే, డిస్ట్రక్టాయిడ్ ఏకంగా పదికి పది వేసింది. ఈ రచ్చతోనే గిన్నిస్ రికార్డుకెక్కింది!

గ్రాఫిక్స్ నాసిరకం, కారు నడపడం నరకం. అభిమానులు కాదనరు, పైగా వాళ్లే జోకులేస్తారు. కానీ హీరో యార్క్ గీసుకోకపోతే గడ్డం పెరుగుతుంది, మాసిన సూటు మార్చకపోతే చుట్టూ ఈగలు ముసురుతాయి. స్టీరింగ్ పట్టుకుని పాత సినిమాల కబుర్లు చెబుతాడు. వీటికి మార్కులెలా వేస్తారని వాళ్ల ప్రశ్న. సబబే. అయితే 2020లో వచ్చిన రెండో భాగం నింటెండో కన్సోల్ స్విచ్‌లో నత్తనడక నడిచినప్పుడు మాత్రం వెనకేసుకురావడం కష్టమే.