తాళంచెవి తలుపుకే వదిలేస్తే...

అమీర్‌పేటలో మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిస్తే ఎటు చూసినా కోర్సుల బోర్డులే. జావా, పైథాన్‌ల పక్కన ఇప్పుడు ‘డెవాప్స్‌’ కూడా చేరింది. ఆ కోర్సులో పిల్లలు నేర్చుకునే పరికరాల్లో ముఖ్యమైనది జెన్‌కిన్స్‌. ప్రోగ్రామర్లు రాసిన కోడ్‌ని తీసుకుని, పరీక్షించి, సర్వర్లోకి చేర్చే పనంతా దానంతట అదే చేసిపెడుతుంది.

మరి సర్వర్లోకి వెళ్లాలంటే పాస్‌వర్డ్‌లు కావాలిగా! అవన్నీ దాని చేతికే ఇస్తారు. చిక్కల్లా అక్కడే. పంజాగుట్ట హాస్టల్లో అర్ధరాత్రి ప్రాజెక్టు ముగించే హడావుడిలో ఓ కుర్రాడు క్లౌడ్‌ ఖాతా పాస్‌వర్డ్‌ని కోడ్‌లోనే రాసి, గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టేశాడనుకోండి... ఇంటికి తాళం వేసి తాళంచెవి తలుపుకే వదిలేసినట్లే. తెల్లారాక గుర్తొచ్చి ఆ వాక్యం చెరిపేసినా, పాత ప్రతి గిట్‌ చరిత్రలో భద్రంగా ఉంటుంది.

‘కంప్యూటరు వాళ్ల గొడవ మనకెందుకు’ అనుకోవడానికి లేదు. 2024 జులై ఆఖర్లో దేశంలోని దాదాపు 300 చిన్న బ్యాంకుల్లో చెల్లింపులు స్తంభించాయి. సహకార, గ్రామీణ బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్‌ టెక్నాలజీస్‌పై రాన్సమ్‌వేర్‌ దాడి జరగడంతో ఎన్‌పీసీఐ ఆ సంస్థను తాత్కాలికంగా తన వ్యవస్థ నుంచి వేరుచేసింది. సేవలు మర్నాటికల్లా తిరిగి మొదలయ్యాయి. దొంగలు దూరింది భాగస్వామి సంస్థలో సరిగ్గా అమర్చని జెన్‌కిన్స్‌ సర్వర్‌ ద్వారానేనని సైబర్‌ భద్రతా సంస్థ క్లౌడ్‌సెక్‌ విశ్లేషించింది. లోపలి ఫైళ్లు చదివే వీలిచ్చే ఆ లోపానికి మందు 2024 జనవరిలోనే వచ్చింది!

పెద్ద సంస్థలకూ ఇది తప్పలేదు. ఇలాంటి సేవలే అందించే సర్కిల్‌సీఐలో ఓ ఇంజినీరు ల్యాప్‌టాప్‌లోకి మాల్‌వేర్‌ చొరబడింది. దాంతో ‘మీరు దాచిన రహస్యాలన్నీ మార్చేసుకోండి’ అని 2023 జనవరిలో ఖాతాదారులందరికీ ఆ సంస్థ చెప్పాల్సి వచ్చింది.

జాగ్రత్తలు మాత్రం కష్టమేమీ కాదు. పాస్‌వర్డ్‌ని కోడ్‌లో రాయకుండా జెన్‌కిన్స్‌లోనే ఉండే క్రెడెన్షియల్స్‌ అరలో దాచాలి. అప్‌డేట్లు వాయిదా వేయకూడదు. బయటపడిన పాస్‌వర్డ్‌ని చెరిపి ఊరుకోకుండా, వెంటనే రద్దుచేసి కొత్తది పెట్టుకోవాలి.

మీ ఇంట్లోనూ డెవాప్స్‌ నేర్చుకుంటున్న పిల్లలున్నారా? ఈసారి ఫోన్‌ చేసినప్పుడు ‘భోంచేశావా’ అన్నాక ఇంకో మాటా అడగండి... ‘తాళంచెవి ఎక్కడ పెట్టావు?’