మీకు తెలుసా? ఐర్లాండ్ దాచిన నిజాలు క్రైమ్ నవలల్లో!

బుకర్ బహుమతి పొందిన జాన్ బాన్‌విల్, బెంజమిన్ బ్లాక్ అనే కలం పేరుతో 2006లో ‘క్రిస్టీన్ ఫాల్స్’ రాశారు. కథాకాలం 1950ల డబ్లిన్. శవపరీక్షలు చేసే డాక్టర్ క్వర్క్, చనిపోయిన ఓ యువతి ఫైలును తన తోడల్లుడే అర్ధరాత్రి తిరగరాస్తుంటే చూస్తాడు. ఆ కూపీ లాగితే పసిబిడ్డలను గుట్టుగా అమెరికాకు తరలిస్తున్న, చర్చితో ముడిపడిన పెద్దల గుట్టు రట్టవుతుంది. ఇది ఉత్త కల్పన కాదు. 1940ల చివరి నుంచి 1970ల తొలినాళ్ల దాకా 2 వేలకు పైగా ఐరిష్ పిల్లలను అమెరికాకు దత్తత పంపారు. వారిలో చాలామంది పెళ్లికాని తల్లుల బిడ్డలే.

క్రైమ్ రచయిత్రి టానా ఫ్రెంచ్ నవల ‘బ్రోకెన్ హార్బర్’ (2012)లోనూ ఐర్లాండే నేపథ్యం. హత్యలు జరిగేది 2008 ఆర్థిక పతనంతో సగంలో ఆగిపోయిన కాలనీలో. ఉద్యోగం పోయిన ఇంటి యజమాని, ఇంట్లో ఏదో జంతువు తిరుగుతోందని గోడలకు కన్నాలు పెడతాడు. హంతకుడెవరన్నదే కాదు, బాధితులను ఆ స్థితికి నెట్టిందెవరన్నదీ ఈ నవలలు నిలదీస్తాయి.