బొమ్మ పలికించే మాట

ఇంట ఉర్దూ పలికే పసివాడు బడిలో తెలుగు పలకడానికి సంకోచిస్తాడు. తప్పు దొర్లునేమోనన్న బెరుకే అందుకు కారణం. ఆ బెరుకును పోగొట్టగల సులభసాధనం చేతితొడుగు బొమ్మ.

పంచతంత్రంలోని కోతి, మొసలి కథను గ్రహిద్దాం. 8వ శతాబ్దిలో అరబ్బీలో వెలసిన ‘కలీలా వ దిమ్నా’లో మొసలికి మారుగా తాబేలు కనిపిస్తుంది. కావున ఈ కథ ఇరు భాషల బాలలకూ ఆత్మీయమైనదే.

బొమ్మకు పాత మేజోడు చాలు. లోపల నాలుగు వేళ్లను పైదవడగా, బొటనవ్రేలిని క్రిందిదవడగా అమర్చి, నడుమ మడతలో ఎర్రగుడ్డ కుట్టినచో నోరు సిద్ధమవుతుంది. తెల్లగుడ్డను రంపపు పళ్లవలె కత్తిరించి అంచున కుడితే మొసలి కోరలవుతాయి. కన్నులకు బొత్తాములు వాడరాదు. ఊడినచో పసివారు మ్రింగగలరు. నల్లదారంతో కుట్టడమే క్షేమం.

ఉపాధ్యాయుడు మొదట కథ చెప్పి, పిమ్మట కోతిబొమ్మను బాలుని చేతికీయాలి. మొసలిని తాను ధరించాలి. తన గుండె నేరేడుచెట్టు మీదనే ఉండిపోయిందని కోతి బొంకే ఘట్టంలో మాట తడబడితే, తడబడినది కోతియే గాని బాలుడు కాడు. అప్పుడు ఉపాధ్యాయుడు తప్పు నెంచక, మొసలి నోట “ఏమీ, నీ గుండె చెట్టు మీద ఉన్నదా?” అని ఆ మాటనే సరిగా పలికించాలి. బాలుడు విని, మరుసారి తానే దిద్దుకుంటాడు. క్రమంగా బొమ్మ లేకయే మాట్లాడే ధైర్యం అతనికి అలవడుతుంది.