సముద్రం దాటే రూపాయి

అండమాన్ దీవుల ముఖ్యపట్టణమైన పోర్ట్‌బ్లెయిరుకు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చారు. ఆ పట్టణాన్ని ఆనుకొని ఉన్నదే ప్రోతరాపూర్. అక్కడ సాయంకాలం పని ముగించుకొన్న శ్రీకాకుళపు కార్మికుడొకడు చేతిఫోను తీసి రహస్యాంకెలు నొక్కుతాడు. బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున, స్వగ్రామంలో ఉన్న తల్లి ఖాతాలో పైకం జమ పడుతుంది. నడుమ పట్టిన కాలం అతడు తువ్వాలుతో ముఖం తుడుచుకొన్నంత సేపు కూడా కాదు. అదే మనిషి విశాఖపట్నం ఓడ ఎక్కితే రెండు మూడు రోజులు నీటిమీదనే గడపవలెను.

ఈ దీవులకు తెలుగువారు కొత్తవారు కారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. దీవిలో ఆర్జించడం, తీరంలో ఇల్లు నిలబెట్టడం ఎన్నో కుటుంబాల జీవనవిధానం. మనియార్డరు అందేదాకా అప్పులవాడికి సమాధానం చెప్పలేక, ఊరికి వెళ్ళే నమ్మకస్తుని కోసం ఎదురుచూసిన రోజులు పెద్దలకు ఇంకా జ్ఞాపకమే. కనుక డబ్బు ఎంత వేగంగా చేరుతుందన్నది వారికి సౌకర్యానికి సంబంధించిన ప్రశ్న కాదు. ఇంట్లో పొయ్యి వెలగడానికి సంబంధించినది.

ఈ దారికి తొలి రాళ్ళు పరచినది హైదరాబాదులో. బ్యాంకులకు కావలసిన సాంకేతిక పరిశోధన కోసం 1996లో రిజర్వు బ్యాంకు మాసబ్‌ట్యాంకు వద్ద ఒక సంస్థను నెలకొల్పింది. ఐ.డి.ఆర్.బి.టి. అన్నది దాని పొట్టిపేరు. 1999లో ఆ సంస్థ బ్యాంకులన్నిటినీ ఉపగ్రహం ద్వారా కలిపే ‘ఇన్ఫినెట్’ అనే వలయాన్ని ఏర్పరచినది.

అప్పటికి మన దేశానికి ఏ.టి.ఎం. వచ్చి పన్నెండేళ్ళయినది. 1987లో బొంబాయిలో హాంకాంగ్ బ్యాంకు మొదటి యంత్రాన్ని పెట్టింది. అయితే ఏ బ్యాంకు యంత్రం ఆ బ్యాంకు ఖాతాదారునికే; పొరుగు బ్యాంకు కార్డును అది గుర్తించేది కాదు. ఈ గోడలు పడగొట్టాలని బ్యాంకుల సంఘం 1997లో ‘స్వధన్’ పేరుతో ఉమ్మడి వ్యవస్థను ప్రారంభించినది గాని, అది ఎక్కువకాలం నిలువలేదు. 2004 ఆగస్టు 27న ఐ.డి.ఆర్.బి.టి. రూపొందించిన ‘నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్’ పని మొదలుపెట్టింది. మొదటి రోజున అందులో చేరినవి మూడే బ్యాంకులు: కార్పొరేషన్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడా, ఐ.సి.ఐ.సి.ఐ. బ్యాంకు.

స్విచ్చి అనగానే గోడమీది మీట స్ఫురిస్తుంది. నిజానికి దీనిని రైల్వే జంక్షనులోని పాయింట్స్‌మన్‌తో పోల్చడమే తగును. కార్డుమీది మొదటి కొన్ని అంకెలు అది ఏ బ్యాంకుదో చెబుతాయి. స్విచ్చి ఆ అంకెలు చూచి, ‘ఇంత సొమ్ము ఇవ్వవచ్చునా?’ అన్న ప్రశ్నను ఆ బ్యాంకుకు మళ్ళిస్తుంది. వచ్చిన జవాబును యంత్రానికి తిరిగి చేరుస్తుంది. ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్న లెక్క తరువాత మొత్తంగా తేల్చుకొంటారు. డబ్బు కదలదు, మాట మాత్రమే కదులుతుంది.

పరిశోధన సంస్థ నిత్యవ్యాపారం నడపడం ఎంతకాలమో సాగేది కాదు. 2007లో చెల్లింపుల చట్టం వచ్చింది. 2008 డిసెంబరులో, లాభాపేక్ష లేని కంపెనీగా ‘నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా’ ముంబయిలో పుట్టింది. పది బ్యాంకులు దానికి తొలి వాటాదారులు. 2009 డిసెంబరులో హైదరాబాదు స్విచ్చి దాని చేతికి వచ్చింది. ఈ కంపెనీ తెలివి ఇక్కడే కనిపిస్తుంది: ఉన్న పునాదిని తవ్వివేయక, దానిమీదనే అంతస్తులు లేపింది. ఏ.టి.ఎం. ప్రశ్నలు మోసే స్విచ్చి ఆధారంగా 2010 నవంబరులో రాత్రింబవళ్ళు తక్షణం సొమ్ము పంపే ఐ.ఎం.పి.ఎస్. వచ్చింది. దానిమీద 2016 ఏప్రిల్‌లో యు.పి.ఐ. వెలసినది. మధ్యలో, 2012లో రూపే కార్డు. 2025 ఆగస్టులో యు.పి.ఐ. లావాదేవీలు ఒక్క నెలలో మొదటిసారి 2000 కోట్లు దాటాయి.

ఇంత జరిగినా ప్రోతరాపూర్ వాసి కష్టం చాలాకాలం తీరలేదు. 2020 దాకా ఈ దీవులకు ఉపగ్రహాలే ఆధారం. భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి మాట పోయి, జవాబు తిరిగి రావడానికి సుమారు అర సెకను పడుతుంది. అది సహించదగినదే. అసలు బాధ మార్గం ఇరుకుగా ఉండడం. అందరూ ఒకేసారి నడవబోతే ఎవరూ నడవలేరు. 2020 ఆగస్టు 10న చెన్నై నుండి సముద్రగర్భంలో వేసిన తంతి ప్రారంభమైనది. సుమారు 2300 కిలోమీటర్ల పొడవు, 1224 కోట్ల రూపాయల వ్యయం. ముఖ్యపట్టణంతోపాటు లిటిల్ అండమాన్, కార్ నికోబార్ వంటి ఏడు చోట్లను అది చెన్నైతో కలిపినది. ఇప్పుడు ఆ మాట గాజుపోగులో వెలుగై పోతున్నది.

దారి మధ్యలో మాట తప్పిపోతే? ఇక్కడ ఖాతాలో తగ్గినది, అక్కడ చేరలేదు. నెలజీతం చేతబట్టుకొన్న వానికి ఇంతకన్న గుండెదడ లేదు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో దీనికి గడువులు విధించినది. ఒకరి ఖాతా నుండి మరొకరి ఖాతాకు పంపిన యు.పి.ఐ. సొమ్ము చేరకపోతే మరునాటికి తిరిగి జమ కావాలి, ఏ.టి.ఎం. నోట్లివ్వక ఖాతాలో తగ్గించితే ఐదు రోజులలోగా. గడువు మీరితే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం, అదీ ఖాతాదారుడు అడుగకుండానే ఇవ్వాలి. ఈ నిబంధన తెలిసినవారు బహు కొద్దిమంది.

మరొక చిక్కు కూడా ఉన్నది. 2020 జనవరి 1 నుండి యు.పి.ఐ., రూపే డెబిట్ కార్డు చెల్లింపులపై వర్తకుని వద్ద రుసుము తీసుకొనరాదని ప్రభుత్వం శాసించినది. చిన్న దుకాణదారునికిది వరమే. కాని యంత్రాలకు, తంతులకు, కావలివారికి అయ్యే ఖర్చు ఎక్కడికీ పోదు; బ్యాంకులు కొంత భరిస్తాయి, ప్రభుత్వం కొంత ప్రోత్సాహకంగా ఇస్తుంది. దారి అందరిదీ అయినప్పుడు దాని మరమ్మతు ఎవరిదన్న తగవు ఇంకా తెగలేదు.

దారి ఒక్కటే కావడంలోని అపాయం 2025లో బయటపడినది. మార్చి 26న, మళ్ళీ ఏప్రిల్ 12న యు.పి.ఐ. దేశమంతటా కొంతసేపు స్తంభించినది. అటువంటి వేళ ముంబయి వజ్రాల వర్తకునికీ ప్రోతరాపూర్‌లో చేపలు అమ్ముకొనేవారికీ ఒకటే గతి: గల్లాపెట్టెలో చిల్లర ఎంత ఉన్నదో చూచుకోవడం.