స్ప్రింగు వేగమునకు గాలి కళ్లెము

సింగరేణి గనుల బొగ్గుతో జాతీయ తాప విద్యుత్తు సంస్థవారు 1983 మొదలు రామగుండమున విద్యుత్తును పుట్టించుచున్నారు. అట్టి విద్యుత్తుతో నడచు మన బావి మోటారు క్షేమము, స్టార్టరు పెట్టెలోని చిన్న స్ప్రింగును, పిడికెడు గాలిని ఆశ్రయించి యుండుననిన కొందరికి వింతగా తోచవచ్చును.

నొక్కిపట్టిన స్ప్రింగును విడిచినచో అది ఒక్క పెట్టున విదిలించుకొనును. యంత్రమునకు దాని బలము కావలయును గాని తొందర పనికిరాదు. సైకిలు పంపు మూతిని వ్రేలితో కొంత మూసి పిడిని నొక్కి చూడుడు. మెల్లగా నొక్కిన సులువుగా దిగును. వేగముగా నొక్కిన గాలి ఎదిరించును. మూతిని పూర్తిగా మూసినచో గాలి తానే స్ప్రింగువలె పిడిని వెనుకకు తన్నును. కావున గాలికి దారి యుండవలెను, అది తగినంతయే యుండవలెను.

కొన్ని స్టార్-డెల్టా స్టార్టరులలో ఈ ఉపాయమే కాలమును కొలుచును. మోటారు మొదట స్టార్ కూర్పున బయలుదేరును. అప్పుడు లాగు కరెంటు, నేరుగా డెల్టాలో బయలుదేరిన లాగుదానిలో మూడవ వంతే. కొన్ని సెకనులకు డెల్టాకు మారవలెను. స్టార్టరు పనిచేయగానే లోపలి స్ప్రింగు, కమ్మరి తిత్తివంటి చిన్న తిత్తిని సాగదీయును. గాలి సన్నని సందుననే లోనికి రావలసియున్నందున తిత్తి మెల్లగా విచ్చుకొని, తుదకు స్విచ్చును మార్చును. సందు మరను బిగించిన ఆలస్యము హెచ్చును. వదలు చేసిన తగ్గును.

నూనెతోను ఇట్టి పని చేయింపవచ్చును గాని, నూనె చలికి చిక్కబడి ఎండకు పలుచబడును. మన ప్రాంతమున వేసవి ఎండ 45 డిగ్రీలనంటును. గాలిలో ఆ మార్పు స్వల్పము. అయితే గాలి సందునకు దుమ్మే శత్రువు. బొగ్గు దుమ్ము గాని ఊక దుమ్ము గాని అడ్డుపడినచో మోటారు చాలసేపు స్టార్‌లోనే యుండి, నీటి బరువును లాగలేక వేడెక్కి, తీగచుట్టలు కాలిపోవచ్చును. తిత్తి చినిగినచో మార్పు ముందే జరిగి కరెంటు పోటెత్తును.

కాబట్టి సభ్యులు పెట్టె మూతను బిగువుగా నుంచవలెను. గాలి సందున నూనెగాని గ్రీజుగాని వేయరాదు. మోటారు ఇంచుమించు పూర్తి వేగమందుకొనిన పిమ్మట మారుచున్నదో లేదో చప్పుడును బట్టి కనిపెట్టవలెను. తేడా తోచినచో మోటారును ఆపి, మెయిన్ స్విచ్చు తీసి, పని తెలిసినవానిచే సరిచేయింపవలెను. కరెంటు లేకున్నను బిగిసియున్న స్ప్రింగు చేతిని కొట్టగలదని మరువరాదు.

పైరు ఎండువేళ కాలిన మోటారును బండిమీద పట్టణమునకు మోయుటకంటె, నాట్లకు ముందొక పూట ఈ పరీక్ష చేసికొనుట మేలు.