పాపికొండలకు వెళ్తున్నారా?

కార్తీకమాసం వచ్చిందంటే మన గోదావరి జిల్లాల ఆడవాళ్ళకి రెండే ధ్యాసలు. ఒకటి వనభోజనాలు, రెండోది పాపికొండలు. మీరూ ఈ ఏడు వెళ్దామనుకుంటున్నారేమో. రెండుసార్లు వెళ్ళొచ్చినదాన్ని కాబట్టి నాకు తెలిసిన నాలుగు మాటలూ చెప్తాను, వినండి.

మొదటిసారి 2013లో, సంక్రాంతి అయ్యాక వెళ్ళాం. మా వారు, అత్తయ్యగారు, ఏడేళ్ళ మా అమ్మాయి, నేను. పట్టిసీమ రేవులో బోటెక్కాం. గోదారి పుట్టినప్పట్నించీ చూస్తున్నదే అయినా ఆ కొండల మధ్యకి వెళ్ళేసరికి ఇది మన గోదారేనా అనిపించింది. రాజమండ్రి దగ్గర అవతలి ఒడ్డు మసకగా కనిపిస్తుంది కదండీ, అక్కడ రెండు వైపులా కొండలొచ్చి ఏటిని ఇరికించేస్తాయి. ఆడదాని పాపిడిలా కనిపిస్తుంది కనకే పాపిడి కొండలన్నారనీ, అదే పాపికొండలయిందనీ చెప్తారు. ఆ అడవిని 2008లో జాతీయ పార్కుగా ప్రకటించారు.

పేరంటపల్లిలో శివాలయం చూసుకున్నాం. గుడి దగ్గర కొండరెడ్ల ఆడవాళ్ళు వెదురుతో చేసిన పువ్వులు అమ్ముతారు. వాటి దగ్గర మాత్రం బేరమాడకండి. ఒక్కో రేకూ ఎంత సన్నగా చీల్చాలో చూస్తే మీకే నోరు రాదు.

రాత్రికి కొల్లూరు ఇసకతిన్నెల మీద వెదురు గుడిసెల్లో పడుకున్నాం. కరెంటు వెలుగు లేదు, సెల్‌ఫోను మోగలేదు. చెప్పొద్దూ, పెళ్ళయ్యాక నేను వంటింటి ఊసు లేకుండా నిద్రపోయిన మొదటి రాత్రి అదే! తెల్లారగట్ల చలి మాత్రం కొరికేసింది. ఇలా ఏటి ఒడ్డున రాత్రి ఉండేట్టయితే స్వెట్టరు, దుప్పటి, టార్చిలైటు, తడిస్తే మార్చుకోవడానికి రెండో జత, వేసుకునే మందులు మర్చిపోవద్దు. పులిహోర, చెక్కలు ఎలాగూ తీసుకెళ్తారు, అది నేను చెప్పక్కర్లేదు. స్నానానికి దిగితే మోకాలి లోతు దాటకండి. ఇసక ఒడ్డు కదా, ఒక అడుగు మోకాలి లోతుంటే తర్వాతి అడుగు నిలువులోతు ఉండచ్చు.

ఇక అసలు సంగతికొస్తాను. బోటెక్కగానే అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చారు. "ఈ వయసులో నాకీ నారింజ రంగు జాకెట్టేటే" అని అత్తయ్యగారు దాన్ని మడిచి కింద వేసుకుని కూర్చున్నారు. పాటలు, డాన్సులు మొదలయ్యాక తక్కినవాళ్ళూ ఒక్కొక్కరే విప్పేశారు. మా అమ్మాయిది నేనే విప్పించాను. ఎందుకో తెలుసా? కొత్త పట్టులంగా ఫోటోలో కనపడట్లేదని!

ఆరేళ్ళు దాని సంగతే మర్చిపోయాను. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. కచ్చులూరు దగ్గర బోటు మునిగిందని టీవీలో చూశాం. డెబ్బైమందికి పైగా ఎక్కితే ఒడ్డుకు చేరింది ఇరవై ఆరుగురు. అక్కడి ఊళ్ళవాళ్ళు చిన్న పడవల్లో వెళ్ళి కాపాడారు. బోటు బయటికి రావడానికి నెల దాటింది. టీవీ చూస్తూనే మా అమ్మాయి, "అమ్మా, ఆ రోజు నా జాకెట్ నువ్వే తీయించావు కదా" అంది. సాధింపుగా అనలేదు, గుర్తొచ్చి అంది. నాకు ఆ పూట అన్నం దిగలేదు.

అప్పుడు ఏట్లో ఉన్నది సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 10 లక్షలకి. అందుకే మనకి 5 లక్షలంటే ఒక లెక్కలోకి రాదు. కానీ ఇక్కడ కిలోమీటర్ల వెడల్పున పరుచుకుని పారే నీరే అక్కడ ఇరుకు సందులోంచి పోవాలి. అందుకని లోతు, వడి, సుడులు అన్నీ ఎక్కువే. వానాకాలం పోయి ఏరు నెమ్మదించేదాకా ఆ ఊసే ఎత్తకండి. టిక్కెట్టు డబ్బులు పోతే పోయాయి.

రెండోసారి 2023 డిసెంబరులో వెళ్ళాం. ఈసారి గండిపోచమ్మ గుడి దగ్గర ఎక్కాం. పోలవరం పనులతో దేవీపట్నం వైపు ఊళ్ళు ఖాళీ అయిపోయాయి. వెనకటిసారి గట్టు మీంచి చేతులూపిన పిల్లలు ఇప్పుడు లేరు. మనసు చివుక్కుమంది.

తిరిగొచ్చాక మారేడుమిల్లి వెళ్ళి బొంగులో చికెన్ తిన్నాం. ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కల్ని వెదురు బొంగులో కూరి, ఆకుతో మూతి బిగించి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె వెయ్యరు. బొంగులోని తడికే ముక్క ఉడికిపోతుంది. ఇంటికొచ్చి నేనూ చేశానండి, దొడ్లో పడున్న ఎండు వెదురుతో! బొంగే అంటుకుపోయింది. పచ్చి వెదురు దొరికితేనే ఆ పనికి పూనుకోండి.

ఆఁ, జాకెట్ల సంగతి చెప్పలేదు కదూ. ఈసారి ఎక్కిన దగ్గర్నించీ దిగేదాకా విప్పలేదు. చీర నలిగింది, చెమట పట్టింది. పక్క సీటావిడ "అంత భయమైతే రావడం ఎందుకండీ" అని నవ్వింది. అత్తయ్యగారు "మా మనవరాలు ఊరుకోదమ్మా" అని తన బెల్టు తనే సరిచూసుకున్నారు. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి నా దగ్గరకొచ్చి, వదులుగా ఉందంటూ నా పట్టీ ఇంకొక్క లాగు లాగింది.