త్రాగుడు మాన్పించుటకు ఏకాంత చికిత్స
మందు రహస్యంగా పెట్టవద్దు, మాట రహస్యంగా ఉండనివ్వండి

త్రాగేవారికి తెలియకుండా అన్నంలోనో మజ్జిగలోనో కలిపి పెట్టే చూర్ణాల ప్రకటనలు చూడని పాఠకులు ఉండరు. రుచి లేదు, వాసన లేదు, నెల రోజులలో మద్యమంటేనే అసహ్యం పుడుతుందని ఆ ప్రకటనల సారాంశం. ఒకప్పుడు బస్టాండు గోడల మీద కనబడేవి, ఇప్పుడు అరచేతిలోని ఫోనులో కనబడుతున్నాయి. ఆ పొట్లం తెప్పించుకొనే తల్లులను, ఇల్లాండ్రను నేను నిందించను. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టిన తరువాత, గాజులు కూడా కుదువపెట్టిన తరువాత మనిషి దేనినైనా నమ్ముతాడు. కాని ఆయుర్వేదం పేరు మీద ఈ పని సాగుతున్నది కనుక, ఆ వైద్యమే వృత్తిగా గల నేను దీనిని గురించి వ్రాయక తప్పదు.

ఆ పొట్లంలో ఏమున్నదో సాధారణంగా దానిమీద వ్రాసి ఉండదు. చూర్ణానికి బదులు డైసల్ఫిరామ్ మాత్రలను పొడిచేసి కూరలో కలిపే ఇళ్లు కూడా ఉన్నాయి. మద్యం మీద ఈ మందు చూపే ప్రభావాన్ని 1948లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు లోకానికి తెలియజేశారు. ఇది శరీరంలో ఉండగా మద్యం త్రాగితే ముఖం ఎర్రబారుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, రక్తపు పోటు పడిపోతుంది. గుండె జబ్బు గలవారికి ప్రాణాపాయం కూడా కలుగవచ్చును. అందుచేతనే రోగికి పూర్తిగా తెలిపి, అతని సమ్మతితో మాత్రమే ఇవ్వవలసిన మందు ఇది. తెలియకుండా పెట్టడమంటే విషం పెట్టడానికి ఎంతో దూరం కాదు.

మా ప్రాంతంలో చెరకు గానుగ దగ్గర బెల్లం వండే ఒక నడివయస్కుని సంగతి చెబుతాను. మనిషిని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. అతని భార్య ఇటువంటి చూర్ణమే తెప్పించి చారులో కలిపింది. మూడవనాడు అతనికి అనుమానం వచ్చింది. అప్పటినుండి ఇంట్లో చేయి కడగడం మానివేశాడు. హోటలు ఇడ్లీలతో, మద్యంతో కాలం గడపసాగాడు. భర్త కనీసం రాత్రిపూటైనా ఇంటి అన్నం తినేవాడు, ఆ పొట్లం వలన అదీ పోయింది. బంధువులు కూర్చొని మరొక ఉపాయం ఆలోచించారు. వచ్చే కార్తీకంలో అయ్యప్ప మాల వేయించాలి, వేసిన ఉదయం నుండి చుక్క ముట్టకుండా చూడాలి అని. ఆ ముందు ఒకసారి నా దగ్గరకు పిలుచుకొని వచ్చారు.

వచ్చినవారు ఐదుగురు. ఐదుగురూ మాట్లాడారు, అతను తప్ప. వారిని బయట కూర్చోబెట్టి, తలుపు దగ్గరకు వేసి, అతనితో ఒక ముప్పావు గంట గడిపాను. మొదటి పావుగంట గానుగ, వంట పెనం, బెల్లం ధర. తరువాత తానే అన్నాడు: "పొద్దున లేస్తానే చేతులు వణుకుతాయి సామీ. ఒక గుక్క పడితేగానీ కాఫీ గ్లాసు పట్టుకోలేను. ఇది మా ఇంటోళ్లకి తెలీదు."

ఈ ఒక్క మాట కోసమే ఏకాంతం కావలసినది. సాయంకాలం త్రాగే మనిషికి, వణుకు ఆపుకొనడానికి తెల్లవారుజామున త్రాగే మనిషికి వైద్యంలో చాలా భేదం ఉన్నది. రెండవవాని దేహం మద్యానికి బానిస అయిపోయినది. అటువంటివాడు హఠాత్తుగా మానివేస్తే ఆరు గంటలు గడిచేసరికే వణుకు, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. పన్నెండు నుండి నలభై ఎనిమిది గంటల నడుమ మూర్ఛలు రావచ్చును. రెండు మూడు రోజులకు కొందరిలో మతి తప్పి, లేనివి కనబడి, జ్వరం హెచ్చి ప్రాణం మీదికి వస్తుంది. దీనినే డెలీరియం ట్రెమెన్స్ అంటారు. మాల వేసిన మూడవనాడు ఇది వస్తే ఊరు దేవుని ఆగ్రహమంటుంది. దీక్షను నేను తక్కువ చేయడం లేదు. నలభై ఒక్క రోజుల నియమం ఎందరికో మనోబలాన్ని ఇచ్చినది. కాని ఉదయాన్నే త్రాగే అలవాటున్నవారు ముందు ఆసుపత్రిలో వైద్యుని పర్యవేక్షణలో మద్యం మాని, ఆపై మాల వేసుకోవడం క్షేమం. ఆ కొద్ది రోజులు అక్కడ ఉపశమనానికి మందులు, తయమిన్ అనే బి1 విటమిన్ ఇస్తారు. మా బెల్లం పెద్దాయన కూడా అదే క్రమంలో వెళ్లాడు. పెద్ద ఆసుపత్రిలో కొన్ని రోజులు ఉండి వచ్చాడు. మాల ఆ తరువాత వేసుకొన్నాడు.

చరకుడు ఈ విషయంలో ఎంత నిశితంగా చూచినాడో తలచుకొంటే ఆశ్చర్యం కలుగుతుంది. చికిత్సాస్థానం ఇరవై నాలుగవ అధ్యాయమంతా మదాత్యయమే. మద్యం మాని, మరల ఒక్కసారిగా అతిగా త్రాగిన వానికి ధ్వంసకం, విక్షయం అనే రెండు వ్యాధులు కలుగుతాయని అందులో వేరుగా చెప్పినాడు. నలభై రెండవ రోజున మాల తీసి దుకాణానికి వెళ్లేవారిని చూచినప్పుడల్లా నాకు ఆ భాగమే గుర్తుకు వస్తుంది. సూత్రస్థానంలో, చెడు అలవాటును పాదాంశిక క్రమంలో, అంటే పావు వంతు చొప్పున విడువమని ఉన్నది. అదే సూత్రస్థానం పదకొండవ అధ్యాయంలో మూడు విధాల చికిత్సలు చెప్పి, మూడవదానికి సత్త్వావజయమని పేరు పెట్టినాడు. అహితమైన విషయాల నుండి మనస్సును మరలించి నిగ్రహించడం దాని అర్థం. అది మాట ద్వారా జరిగే చికిత్స. పొట్లం కట్టి ఇచ్చేది కాదు.

నేటి మనోవైద్యం కూడా ఇంచుమించు ఇదే దారికి వచ్చినది. 1983లో విలియం మిల్లర్ అనే అమెరికా మనస్తత్వవేత్త ఒక పద్ధతిని ప్రతిపాదించాడు. తరువాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి 1991లో దానిని గ్రంథంగా వెలువరించాడు. త్రాగేవానికి మద్యం వలని అనర్థాలు ఉపన్యసించకూడదు. అవి వానికి మనకన్న బాగా తెలుసును. మానాలనే కోరిక, త్రాగాలనే కోరిక రెండూ అతనిలోనే ఉంటాయి. మనం ఒకవైపు లాగితే అతను రెండవవైపు వాదిస్తాడు. కనుక అడగాలి, వినాలి, మానాలనే మాట అతని నోటనే వచ్చేదాకా ఓపిక పట్టాలి. "త్రాగుడు నీకేమి మేలు చేస్తున్నది?" అన్నదే నేను మొదట అడిగే ప్రశ్న. వింటున్న బంధువులకు ఇది వెర్రి ప్రశ్నగా తోస్తుంది, అందుకే వారు బయట ఉంటారు. బెల్లం పెద్దాయన రాత్రి పొయ్యి దగ్గర ఒళ్లునొప్పులకు మొదలుపెట్టాడు. మరొకరు కొడుకు పోయిన తరువాత. వేరొకరికి కారణమే లేదు, స్నేహితులు తప్ప.

ఇది కేవలం నమ్మకం కాదు. గోవాలో హానికరంగా మద్యం సేవించే 377 మంది పురుషులపై జరిగిన పరిశోధన 2017లో లాన్సెట్ పత్రికలో ప్రచురితమైనది. వైద్యులు కాని సాధారణ వ్యక్తులకు శిక్షణ ఇచ్చి, ఒక్కొక్కరితో విడిగా నాలుగు విడతల వరకు మాట్లాడించారు. మూడు నెలల తరువాత ఆ వర్గంలో 36 శాతం మంది హానికరమైన త్రాగుడు నుండి బయటపడ్డారు. మామూలు వైద్యం పొందినవారిలో అది 26 శాతం. నూటికి పది మంది ఎక్కువ. పూర్తిగా బానిసలైన వారిని ఈ పరిశోధనలో చేర్చలేదని కూడా గమనించాలి. వారికి ఆసుపత్రి చికిత్స, మాట రెండూ కావాలి.

బృంద సమావేశాల మేలును నేను కాదనను. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ పేరులోనే అజ్ఞాతం ఉన్నది. మహానగరంలో ఆ అజ్ఞాతం నిలుస్తుంది. పాకాలలో ఎలా నిలుస్తుంది? తిరుపతికి, కాట్పాడికి, ధర్మవరానికి రైలుమార్గాలు చీలే చిన్న జంక్షన్ మాది. వీధి చివర ఎవరు ఏ గడప ఎక్కినా సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. పెళ్లి కావలసిన కూతురున్న తండ్రి పదిమందిలో లేచి తన సంగతి చెప్పుకొనలేడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు రగిల్చిన ఉద్యమంతో 1993లో సారా నిషేధం వచ్చినది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినది, 1997లో సడలినది. 2019లో దుకాణాలు ప్రభుత్వం చేతికి వెళ్లి 2024లో మరల ప్రైవేటువారికి వచ్చాయి. ఇన్ని మార్పులలో అతనితో తలుపు వేసి మాట్లాడేవారు మాత్రం పెరగలేదు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్స పొందామని చెప్పినవారు 38 మందిలో ఒక్కరు.

ఏకాంతమంటే భార్యను దూరం పెట్టడమని అనుకొనరాదు. ఆమెకు కూడా విడిగా ఒక గంట ఇవ్వాలి. దెబ్బలు తినే ఇల్లాలు భర్త ఎదుట నిజం చెప్పదు. అటువంటిచోట ఆమె, పిల్లలు సురక్షితంగా ఉండే ఏర్పాటు ముందు, అతని చికిత్స తరువాత. తక్కిన ఇళ్లలో, అతను ఒప్పుకొన్నప్పుడు మూడవ, నాలుగవ విడతకు ఇద్దరినీ కూర్చోబెట్టుకొంటాను. అప్పుడు నేరారోపణలు కాదు, రాబోయే రోజుల లెక్క చూస్తాము. చెరకు డబ్బు చేతికి వచ్చే రోజు, గంగమ్మ జాతర, దగ్గరవారి దినాలు. ఆ రోజుల్లో డబ్బు ఎవరి దగ్గర ఉండాలి, ఎవరితో వెళ్లాలి, ఎన్ని గంటలకు ఇల్లు చేరాలి అన్నది అతనే చెప్పి కాగితం మీద వ్రాయాలి.

గృహవైద్యం అడిగే పాఠకులకు ఒకటి చెబుతాను. మన గ్రంథాలలోని ఖర్జూరాది మంథం మద్యవికారాలకు ప్రసిద్ధమైనది. గింజ తీసిన ఖర్జూరాలు, ఎండుద్రాక్ష, దానిమ్మగింజలు, కొద్దిగా చింతపండు, ఉసిరిక దంచి, నాలుగు రెట్లు చల్లని నీటిలో నానబెట్టి, చిలికి వడగట్టి త్రాగాలి. దాహం, నోటి అరుచి, నీరసం తగ్గుతాయి. మధుమేహం ఉన్నవారికి పనికిరాదు. కడుపులో నీరు చేరినవారు, కామెర్లున్నవారు ఇంటి వైద్యంతో కాలయాపన చేయరాదు. ఈ పానకం వ్యసనాన్ని మాన్పిస్తుందని మాత్రం నేను చెప్పను, ఎవరు చెప్పినా నమ్మవద్దు.

మా వైపువారికి తిరుపతి రుయా ఆసుపత్రి దగ్గరిది. ఎరిగినవారి కంటబడకూడదనుకొనేవారు కాట్పాడి రైలెక్కి వేలూరు వెళతారు. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కళాశాలవారి మానసిక వైద్య కేంద్రం 1957 నుండి బాగాయంలో నడుస్తున్నది. రోగి వెంట ఇంటివారు ఉండడం అక్కడి సంప్రదాయం. ప్రైవేటుగా రుసుము చెల్లించి చూపించుకొనేవారు, ఎదుటివారు మనోవైద్యులా, లేక భారత పునరావాస మండలిలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టులా అని నిస్సంకోచంగా అడగవచ్చును. నూటికి నూరు పాళ్లు మాన్పిస్తామనేవారి మెట్లు దిగి రావడం మంచిది. చెప్పిన సంగతి బయటికి పొక్కుతుందనే భయం ఉంటే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ విభాగం రోగి గోప్యతను హక్కుగా గుర్తించినది. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలకే అందులో మినహాయింపు.

గడప దాటడానికే సంకోచించేవారు ముందు ఫోనులో మాట్లాడవచ్చును. టెలి మానస్ సంఖ్య 14416, వ్యసన విముక్తికి 14446. రెండూ ఉచితం. మొదటిదానిలో తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రలన్నీ, ఎవరో ఇచ్చిన పొట్లాలతో సహా, ఒక సంచిలో వేసుకొని వెళ్లండి. చివరిసారి త్రాగినది ఏ రోజు, ఏ గంటకు అన్నది గుర్తు పెట్టుకొనండి. వైద్యుడు మొట్టమొదట అడిగేది అదే.